కుర్చీ వెనక గొంతు

తోరుణ్ ఊళ్లో ఎవరింట స్పీకర్లు సరిగ్గా పలకకపోయినా ఒల్గిర్డ్‌కే కబురు. ఆ ఆదివారం మధ్యాహ్నం కబురంపినవాడు పాత స్నేహితుడు వీటోల్డ్. గసగసాల కేకు కోసి పెట్టాడు గానీ తాను ముట్టలేదు.

వీటోల్డ్ భార్య యాద్విగ పోయి ఏడాది. ఆమె నలభైమంది చర్చి బృందంలో పాడుతుంటే ఒల్గిర్డే ఒకసారి రెండు మైకులు పెట్టి టేపు చేశాడు. ఆమె గొంతు మిగిలింది అందులోనే. నెల్లాళ్లుగా ఆ గొంతు ఎదురుగా వినిపించడం లేదట, తన కుర్చీ వెనక నిలబడి పాడుతోందట.

ఒల్గిర్డ్ నవ్వాడు. మనిషికి చెవులు రెండు, స్పీకర్లూ రెండు, చెవికో పువ్వు చొప్పున పెడతాయన్నాడు. రెండు పెట్టెలూ ఒకే గొంతును ఒకే క్షణాన పలికితే, నడుమ ఖాళీలో లేని మనిషిని మన బుర్రే నిలబెడుతుంది. ఒకదాని వెనక ఎర్ర తీగా నల్ల తీగా తారుమారైతే, ఒకటి నెడుతుంటే రెండోది గుంజుతుంది. ఆ లాగులాటలో నిలబడ్డ మనిషి చెదిరి ఎక్కడో వీపు వెనక తేలుతుంది. దుమ్ము దులుపుతూ వీటోల్డే తిప్పి పెట్టి ఉంటాడు.

"సరిచెయ్యకురా," అన్నాడు వీటోల్డ్. "చేశావంటే పోయి ఆ నలభైమందిలో నిలబడుతుంది. ఇక్కడైతే నా దగ్గరుంది."

"దయ్యం కాదురా బాబూ, తీగ. ఉండు, చూపిస్తా."

ముందు తానే కుర్చీలో కూర్చుని విన్నాడు. పైస్థాయి అందుకోబోయే ముందు యాద్విగ గుక్క తిప్పుకునేది. ఆ గుక్క సరిగ్గా అతని నడినెత్తి మీద వినబడింది. బట్టతల మీద లేని వెంట్రుకలు కూడా నిక్కబొడుచుకున్నాయి.

టేపు ఆపి, బొజ్జ నేలకానించి, పెట్టెల వెనక్కి పాకాడు. ఎర్రదానికి ఎర్ర, నల్లదానికి నల్ల. రెండో పెట్టెకీ అంతే. యాంప్లిఫయర్ దగ్గరా అంతే. మూడుసార్లు చూశాడు. లేచేటప్పటికి అతని దగ్గర ఒక్క జోకూ లేదు.

"ఏమైందిరా?" అన్నాడు వీటోల్డ్.

"తీగలు తారుమారయ్యాయి," అన్నాడు ఒల్గిర్డ్. "అలాగే ఉంచేశాను."

వీటోల్డ్ ముఖం తేటపడింది. కుర్చీలో వాలి టేపు మొదటినుంచి పెట్టాడు.

ఒల్గిర్డ్ కోటు కుర్చీ వెనక గోడకు వేలాడుతోంది. కుర్చీకీ గోడకీ మధ్య ఒక మనిషి పట్టేంత చోటు. అతను అక్కడిదాకా వెళ్లి ఆగాడు. పక్కకు తిరిగి, బొజ్జ లోపలికి బిగించి, వీటోల్డ్‌కు వినపడకుండా గొణిగాడు.

"కొంచెం జరుగమ్మా."

దారి దొరికింది.