గుమ్మంలో కూర్చున్న ఎదురుచూపు

ఇస్త్రీ కొట్టావిడ ఎవరికోసమైనా ఎదురుచూడడం మొదలుపెడితే ఎక్కడున్న మనిషి అక్కడే ఆగిపోయేది. ఊపిరి ఆడేది, అంతే. రెప్ప పడదు, పిలిస్తే పలకదు. ఆ వచ్చేవాళ్లు వచ్చి గుమ్మం తొక్కగానే, సగంలో వదిలిన మాటని అక్కడినుంచే అందుకునేది. అమ్మ ఆగిందంటే కూతురు ముందు పరుగున వచ్చి ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకేది. బట్టలిచ్చినవాళ్లకీ అలవాటే. "అమ్మ ఆగిందా? సరేలే, నా చొక్కాలు నేనే తీసుకుంటా" అని తీసుకెళ్లేవాళ్లు.

కూతురు ఆ రోజుల్లో కొట్టుకోసం కంప్యూటర్లో ఓ సాఫ్ట్‌వేర్ తయారుచేయడం నేర్చుకుంటోంది. నేర్పేది పిన్ని. తెర మీద ఒక విండో, అందులో బట్టలిచ్చినవాళ్ల పేరు రాసే గడి, పక్కన వాళ్ల పాత బిల్లులు వెతికిపెట్టడానికి 'వెతుకు' అని ఒక బటన్. మొదట్లో ఆ బటన్ ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

"రంగు వేశావు, మూలలు గుండ్రంగా చేశావు. నొక్కితే ఏం చెయ్యాలో దానికి చెప్పావా?" అంది పిన్ని.

"అదీ చెప్పాలా?"

"చెప్పకపోతే దానికేం తెలుస్తుందే? గోడ మీద తలుపు బొమ్మ గీసి, తియ్యండి తియ్యండి అన్నట్టుంది నీ వరస!"

లారీ నడిపే నాన్న ఆ వారం రావలసిన రోజుకి రాలేదు. కొండదారిలో రాళ్లు పడి రాకపోకలు ఆగిపోయాయి. ఫోనూ కలవలేదు. అమ్మ మడతపెట్టిన దుప్పటి చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గర ఆగిపోయింది. మర్నాడూ అలాగే ఉంది. ఇంతసేపు ఎన్నడూ ఆగలేదు. పెదవులకి గ్లాసు ఆనిస్తే నీళ్లు గడ్డం మీదుగా కారిపోయాయి. డాక్టరు వచ్చి నాడి చూశాడు.

"ఆవిడ ఆగడం నాకు కొత్తకాదు. కానీ నీళ్లు దిగకపోతే ఎలా? సాయంత్రం దాకా చూసి సెలైన్ పెడదాం. అదైనా ఎన్నాళ్లని పెడతాం?"

ఊరికే కూర్చుంటే ఏడుపొస్తుందని కూతురు కంప్యూటర్ ముందు కూర్చుంది. 'వెతుకు' నొక్కింది. విండో తెల్లగా పాలిపోయి బిగుసుకుంది.

"పిన్నీ, ఇదీ అమ్మలాగే ఆగిపోయింది!"

పిన్ని కుర్చీ దగ్గరకి లాక్కుంది. "గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్లకి పలకాల్సిన మనిషినే, వెనక గదిలోకి వెళ్లి పాత బిల్లులన్నీ తిరగెయ్యమన్నావు. ఇక పలికేదెవరు? ఆ వెతికే పని ఇంకొకరికి అప్పగించు. దొరకగానే వాళ్లే వచ్చి చెప్తారు. ఈలోపు ఈ విండో తన పని తను చూసుకుంటుంది."

కూతురు ఆ బటన్‌కి రాసిన నాలుగు వరసల కోడూ మార్చి రాసింది. ఈసారి మూలన చిన్న చక్రం తిరుగుతోంది, వెనకాల వెతుకులాట సాగుతోంది. విండో మాత్రం జరిపితే జరిగింది, నొక్కితే పలికింది. ఆ చక్రాన్ని చూసి, అమ్మని చూసి, కూతురు లేచి వెళ్లింది.

"అమ్మా, నాన్నకోసం చూడొద్దని అనట్లేదు. ఆ చూసే పని ఇంకెవరికైనా అప్పగించు. ఆయన రాగానే వచ్చి చెప్తారు. నువ్విటు రా."

కాసేపు ఏమీ కాలేదు. తరవాత అమ్మ నీడ ఆవిడ పాదాల దగ్గర వదులై, పక్కకి జరిగి, గుమ్మంలో చతికిలబడి గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. అమ్మ రెప్ప వాల్చింది.

"గొంతు పిడచకట్టుకుపోతోందే. కాసిని నీళ్లియ్యి."

గ్లాసు ఖాళీ అయ్యేదాకా కూతురు కళ్లు తిప్పలేదు. పిన్ని ముక్కు చీదుకుని, "కాస్త ఇటు జరుగక్కా, నీ నీడకి వీధి కనపడొద్దూ!" అంది.

ఆ రోజునుంచి అమ్మ నీడ లేకుండానే తింది, పడుకుంది, ఇస్త్రీ చేసింది. బట్టలకోసం వచ్చినవాళ్లు నీడని తొక్కకుండా పక్కనుంచి వచ్చేవాళ్లు.

ఒక మధ్యాహ్నం నీడ లేచి, గచ్చు మీద గబగబా జారుతూ వచ్చి అమ్మ పాదాలకి అతుక్కుంది. అమ్మ తన చేత్తోనే ప్లగ్గు తీసింది.

"చిన్నదానా, ఇంకో కంచం పెట్టు" అంది కూతురితో.

వీధి చివర లారీ హారన్ ఆ తరవాత వినిపించింది.