తేలిక పని

ఆ ఏడు నాట్ల రోజుల్లో పుల్లలు తడిసి మండకపోతే జయమ్మ ఊపిరి సంచి మీదే ఎసరు పెట్టేది. రాజోలు దగ్గర ఆ పేటలో ఆడవాళ్ళందరూ అంతే. జయమ్మ కూతురు రాహేలు యూనివర్సిటీ నుంచి తెచ్చిన రబ్బరు సంచులవి. చేలో వంగి నాటేవాళ్ళ మూతికి గొట్టం తగిలించి, వాళ్ళు వదిలిన ఊపిరి వాటిలో పట్టేది రాహేలు. దాన్ని కొలిస్తే తిన్న తిండి ఒంట్లో ఎంత ఖర్చయిందో తెలుస్తుందట. కొలిచేశాక కూడా సంచి చల్లారేది కాదు. ఎంత చాకిరీ చేస్తే అంత వేడి. ఎవరి సంచి మీద వాళ్ళ కూడే ఉడికేది.

"పట్నంలో గ్యాసు గ్యాసంటారు, ఇదేనేటే జయమ్మా?" అని పక్కింటి సూరమ్మ పడీ పడీ నవ్వేది.

జయమ్మకి నవ్వు రాదు. రాహేలు తరవాత ఇంకో కడుపు పండింది. ఏడో నెలలో ఆసుపత్రికెళ్తే, "నాట్లేగా, తేలిక పని. మానక్కర్లేదు" అన్నాడు డాక్టరు. ఆ వారంలోనే నాట్లేస్తుంటే నెప్పులొచ్చి, చేనుగట్టు మీద పుడుతూనే పోయాడు పిల్లాడు. రాహేలు చదివిన చదువంతా ఆ ఒక్క మాట మీదే.

ఓ రోజు రాహేలు ప్రొఫెసరు భాస్కరరావుగారు జీపు దిగేరు. ఆయన సంతకం పడితేనే ఆమెకు డాక్టరేటు. నులకమంచం మీద కూర్చుని, థీసిస్ తీసి, "భారీ పని" అన్నచోట ఎర్రసిరాతో కొట్టేసి "తేలిక పని" అని రాసేరు.

"దుక్కి దున్నడం భారీ పని. ఆడవాళ్ళ నాట్లు తేలిక. పుస్తకాలన్నిట్లోనూ అదే ఉంది. ఒప్పుకో, సంతకం పెట్టేస్తాను."

"కొలిచిన లెక్కలు చూసేరు కదండీ."

"కొలవడం చాతకాలేదన్న మాట. ఒప్పుకోకపోతే ఇక్కడే ఉండి నాట్లేసుకో."

జయమ్మ చేతిలో చేట పక్కన పెట్టి లేచింది.

"భోంచేసి వెళ్దురుగానండి. పొడిపుల్ల లేదు. మీ సంచి మీరే ఊదుకోవాలి."

ఆయన మంచం మీదే కూర్చుని ఊదేరు. జయమ్మ బియ్యం కడిగి, ఆ సంచి మీద ఎసరు పెట్టింది. మధ్యాహ్నం దాటినా నీళ్ళు చల్లగానే ఉన్నాయి.

"ఆకలేస్తోందమ్మా."

"ఆయ్. కూచుని ఊదితే ఎలా ఉడుకుద్దండీ? ఆ గొట్టం పెట్టుకుని కాస్త నాటి రండి. తేలిక పనేగా."

ఆయన పంట్లాం మడిచి చేలో దిగేరు.

"వెనక్కి నడవాలండీ బాబూ! నాటింది తొక్కేస్తున్నారు!" సూరమ్మ కేకేసింది.

ఒక్క వరస పూర్తవకుండానే నడుం పట్టేసింది. ఇద్దరు ఆడవాళ్ళు రెక్కలు పట్టుకుని గట్టెక్కించేరు. ఆయన సంచి మీద అన్నం సగమే ఉడికింది. ఆ పలుకన్నమే తిన్నారు. తిని, గోళ్ళలో బురదతోనే పెన్ను తీసి, "తేలిక" కొట్టేసి, "భారీ" అని మళ్ళీ రాసి, కింద సంతకం పెట్టేరు.

జీపు వెళ్ళిపోయింది.

"అమ్మా, అయిపోయిందే! సంతకం పెట్టేసేరు!" రాహేలు ఏడుస్తూ నవ్వింది.

"నీ తమ్ముడు పోయినవేళ ఎక్కడుందే ఆ పెన్ను?" అంది జయమ్మ.

పొద్దున్న నాట్లేస్తూ తను ఊదిన సంచి మీదకి ఎసరుగిన్నె దించబోయింది. ఇంకా తగలనేలేదు, నీళ్ళు పొంగిపోయేయి.