డ్రాపర్ మీద గీత

నేను ఇంట్లో లేనప్పుడు పాపకి ఏమన్నా అవుతుందేమో, నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం అదే. మిగతా భయాలు బల్లి దగ్గర్నుంచి బ్యాంకు మేనేజరు దాకా చాలానే ఉన్నాయి గానీ, దీని ముందు అవన్నీ దిగదుడుపే.

నర్సింగ్ స్కూలు ఇంటర్వ్యూకి ముందు రోజు సాయంత్రం పాపకి జ్వరంతో ఒళ్ళు కాలిపోయింది. ఇంకా ఏడాది నిండని పిల్ల. డాక్టరు చూసి మామూలు జ్వరమేనన్నాడు. చుక్కల మందు రాశాడు. మందుల షాపువాడు సీసాతో పాటు ఒక డ్రాపర్ ఇచ్చాడు. పైన రబ్బరు బుడగ, కింద సన్నటి గొట్టం, గొట్టం మీద వెంట్రుకంత సన్నటి గీతలు. పాప బరువుకి కింది గీత వరకే ఎక్కించాలని, పై గీత పెద్దపిల్లలకని డాక్టరు గట్టిగా చెప్పాడు. పొరపాటున ఎక్కువ పడితే ఏమవుతుందని అడిగాను. "పడనివ్వకండి" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు రాత్రంతా నిద్ర లేదు.

పొద్దున నేనే ఒక మోతాదు వేశాను. బయల్దేరే ముందు అత్తయ్యకి డ్రాపర్ చూపించాను.

"మళ్ళీ ఒళ్ళు కాలితేనే వెయ్యండి అత్తయ్యా. ఇదిగో, ఈ కింది గీత దాకా. పైది కాదు. అర్థమైందా?"

అత్తయ్య నా మొహంలోకి చూస్తూ తల ఊపింది. "అర్థమైందిలేమ్మా. నీ మొగుణ్ణి పెంచింది ఎవరనుకున్నావ్, పక్కింటివాళ్ళా?"

అత్తయ్య కళ్ళ గురించి నాకు అనుమానమే రాలేదు. మా బాల్కనీలోంచి సందు చివర వచ్చే బస్సు నంబరు నాకంటే ముందు ఆవిడే చదివి చెబుతుంది.

మా ఆయన లిఫ్టు మెకానిక్కు. స్కూటరు మీద నన్ను దింపుతూ దారి పొడుగునా పాఠం చెబుతూనే ఉన్నాడు.

"కాలేజీలో మార్కులెందుకు పోయాయని అడుగుతారు. కామెర్లొచ్చాయని చెప్పు. కామెర్లంటే ఎవరూ ఎదురు మాట్లాడరు."

"డాక్టరు సర్టిఫికెట్ అడిగితే?"

"నాకు ఫోన్ చెయ్యి."

"నువ్వు లిఫ్టు గుంతలో ఉంటావు, సిగ్నలుండదు కదా."

"అందుకేగా ఇంత ధైర్యంగా చెబుతున్నా."

నవ్వొచ్చింది. గేటు దగ్గర దిగాక వెనక్కి తిరిగి, "పాపకి తగ్గుతుందంటావా?" అని అడిగాను. "తగ్గకపోతే మా అమ్మ ఊరుకుంటుందా? జ్వరాన్ని కూడా తిడుతుంది" అనేసి వెళ్ళిపోయాడు.

నా కాలేజీ చదువు గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. స్కూల్లో బాగా చదివేదాన్ని. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని నేనే. అక్కడ హాలు నిండా పిల్లలు. సారు బోర్డు మీద రాసింది రాసినట్టే చెరిపేస్తూ మధ్యలో "అర్థమైందా?" అనేవారు. ఏడాది చివర ప్రశ్నపత్రం చేతికొస్తే, అది ఏ సబ్జెక్టుదో తెలుసుకోవడానికి పైన అచ్చేసిన పేరు చూసుకోవాల్సి వచ్చింది. ఒక్కటి తప్ప అన్నీ పోయాయి. తర్వాత పెళ్ళి, ఆ తర్వాత పాప. నేను చదువు ఆపలేదు, అదే ఆగిపోయింది.

నర్సు కావాలని అనిపించింది మాత్రం కాన్పు వార్డులో. నాకు పాలు పట్టడం రాలేదు. పాప ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను. లావుపాటి నర్సమ్మ ఒకావిడ వచ్చి, పాప తలని నా మోచేతి మడతలో పెట్టి ఎలా పట్టుకోవాలో చూపించింది. అర్థమైందా అని అడగలేదు. పాపని తీసేసుకుని, "ఏదీ, ఇప్పుడు నువ్వు చేసి చూపించు" అంది. నేను తప్పు చేశాను. తిట్టకుండా మళ్ళీ చూపించింది. మళ్ళీ చెయ్యమంది. ఆవిడ అటు తిరగ్గానే, ఈ పని నేను కూడా చెయ్యగలనేమో అనిపించింది. నాకు ఏదన్నా చెయ్యగలననిపించి అప్పటికి చాలా కాలమైంది.

ఇంటర్వ్యూ గది బయట గోడ వెంబడి బెంచీలు. ఫినాయిలు వాసన. అటెండరు ఒక ప్లాస్టిక్ ట్రే పట్టుకుని అందరి ఫోన్లూ వసూలు చేశాడు. ఫోను చేతిలోంచి వెళ్ళిపోగానే పాప చెయ్యి వదిలేసినట్టయింది.

"అన్నా, మా పాపకి జ్వరం. ఫోనొస్తే చెబుతారా?"

"ఇంతమంది ఫోన్లు మోగుతుంటే ఎవరిదని చెప్పనమ్మా? సైలెంటులో పెట్టు."

పక్కన కూర్చున్న అమ్మాయి ఇస్త్రీ మడత నలగకుండా బెంచీ అంచున కూర్చుని ఉంది. "మీరు చెల్లెల్ని చేర్పించడానికొచ్చారా?" అంది. "కాదు, నేనే చేరడానికి" అన్నాను. నాకంటే నాలుగైదేళ్ళు చిన్నదేమో. "అయ్యో సారీ అక్కా" అని, "మీకు భయంగా లేదా?" అంది. భయమా? నా అరచేతుల చెమటకి ఫైలు అట్ట మెత్తబడిపోయింది.

నన్ను పిలిచారు.

లోపల ఇద్దరే ఉన్నారు. ప్రిన్సిపాల్ మేడమ్, పక్కన తెల్లజుట్టు ట్యూటరమ్మ. ప్రిన్సిపాల్ నా కాగితాలు తిరగేసి కళ్ళజోడు పైనుంచి చూశారు.

"స్కూలు మార్కులు బాగున్నాయి. కాలేజీకొచ్చేసరికి ఇలా పడిపోయాయేమ్మా?"

"నాకు మేడమ్... కామె..."

అబద్ధం అక్కడికే ఆపేశాను.

"కామె?"

"కామెర్లు రాలేదు మేడమ్."

ట్యూటరమ్మ ఫక్కున నవ్వింది. "వచ్చాయని ఎవరన్నారు తల్లీ?"

"మా ఆయనండీ."

ప్రిన్సిపాల్ నవ్వలేదు. "మరి ఏమైంది?"

"ఏమీ అవలేదు మేడమ్. పాఠం అర్థమయ్యేది కాదు. అర్థమైందా అంటే తల ఊపేదాన్ని."

"అర్థం కాకుండా ఎందుకు ఊపావు?"

"అందరూ ఊపేవాళ్ళు. ఒకసారి ఊపాక మళ్ళీ అడగాలంటే సిగ్గేసేది. బోర్డు వంక చూడ్డం కూడా మానేశాను మేడమ్. సారు మొహంలోకే చూసేదాన్ని, ఎప్పుడు ఊపాలో తెలియాలని..."

ఆ మాట నోట్లో ఉండగానే పొద్దుటి సంగతి కళ్ళ ముందుకొచ్చింది.

పొద్దున అత్తయ్య డ్రాపర్ వంక చూడలేదు. నేను గీత మీద గోరు పెట్టి చూపిస్తుంటే ఆవిడ నా మొహంలోకే చూసింది. నా మొహం చూస్తూ తల ఊపింది. ఆవిడ సూదిలో దారం నాతోనే ఎక్కించుకుంటుంది. బియ్యంలో రాళ్ళేరడం ఎప్పుడో నాకు వదిలేసింది. బస్సు నంబరు కనిపిస్తుంది, దూరంగా ఉంటుంది కాబట్టి. చేతిలో ఉన్న గీత కనిపించదు. కనిపించదని చెప్పడానికి ఆవిడకి నామోషీ.

పాప ఒళ్ళు మళ్ళీ కాలి ఉంటే? గొట్టం నిండా ఎక్కించి ఉంటే? ఏడుపాగలేదని ఇంకోసారి వేసి ఉంటే?

"ఏమ్మా, ఏమైంది?" ట్యూటరమ్మ అడుగుతోంది.

నేను లేచి నిలబడ్డాను. "మేడమ్, నేనొక ఫోన్ చేసుకోవాలి. మా పాపకి మందు..."

"ఇంటర్వ్యూ మధ్యలోనా?" ప్రిన్సిపాల్ అన్నారు. "బయటికెళ్తే లోపలికి ఇంకొకర్ని పిలుస్తాం. తెలుసుగా?"

తెలుసు. కుర్చీ పట్టుకున్న చేతివేళ్ళు దాన్ని వదలనంటున్నాయి. ఈ కుర్చీ కోసం ఎన్నాళ్ళు ఎదురుచూశానో నాకు తెలుసు. అయినా వచ్చేశాను. తలుపు నా వెనక మూసుకుంది. లోపల గంట మోగింది, ఇస్త్రీ మడత అమ్మాయి లేచి లోపలికెళ్ళింది.

ట్రేలోంచి ఫోను లాక్కుని అత్తయ్యకి చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. పాప నిద్ర చెడుతుందని ఆవిడ ఫోను దిండు కింద పెడుతుంది. మా ఆయన ఫోను అందుబాటులో లేదంది. గుంతలో ఉన్నాడు. ఇంక మా పక్క పోర్షను టైలరక్కకి చేశాను. వెనక మిషను చప్పుడు.

"ఏమ్మా నర్సమ్మా, సీటొచ్చిందా? సూదులు నాకు ముందే అలవాటు, నన్నూ చేర్చుకోమను..."

"అక్కా, మా ఇంటికెళ్ళు. ఇప్పుడే. పాప ఎలా ఉందో చూడు. అత్తయ్యని మందు వెయ్యొద్దను. వేసేసిందేమో అడుగు, ఎంత వేసిందో అడుగు. పరిగెత్తక్కా."

మిషను ఆగిపోయింది. ఒక్క ప్రశ్న అడగలేదు. చెప్పుల చప్పుడు వినిపించింది. తర్వాత తలుపు తట్టడం. తర్వాత ఏమీ వినిపించలేదు. ఫోను చెవికి ఎంత గట్టిగా నొక్కుకున్నానంటే చెవి నొప్పెట్టింది. గోడ మీద చేతులు కడుక్కునే పద్ధతి బొమ్మలున్నాయి. మొదటి బొమ్మ, రెండో బొమ్మ, మళ్ళీ మొదటి బొమ్మ. పాప ఏడుపన్నా వినిపిస్తే బాగుండును. ఏడుస్తోందంటే ఉందని కదా.

"ఇదిగో," టైలరక్క గొంతు మారిపోయి ఉంది. "పాప మీ అత్తయ్య ఒళ్ళో ఉంది. ఒళ్ళు కాలిపోతోంది."

"మందు? మందు ఎంత వేసింది?"

"వెయ్యలేదు."

"అసలు వెయ్యలేదా?"

"అసలు వెయ్యలేదమ్మా. ఒక చేత్తో డ్రాపర్ పట్టుకుని కూర్చుంది, ఇంకో చేత్తో తడిగుడ్డ పెడుతోంది. కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి పెద్దావిడకి. మాట్లాడు."

ఫోను చేతులు మారింది.

"అమ్మాయ్, నాకు ఆ గీత కనపడలేదే." అత్తయ్య గొంతు అంత చిన్నగా ఉండటం నేనెప్పుడూ వినలేదు. "వెలుగులో పెట్టి చూశా, కిటికీ దగ్గర పెట్టి చూశా. ఎక్కువ పోస్తే చచ్చిపోతుందేమోనని భయం, పొయ్యకపోతే కాలిపోతుందేమోనని భయం."

"పక్కనే అక్క ఉంది కదా అత్తయ్యా. అడగొచ్చు కదా."

"నీకు తల ఊపాను కదమ్మా. మళ్ళీ ఏం మొహం పెట్టుకుని అడగను?"

నేను కూడా అంతే కదా, ఏడాది పొడుగునా.

టైలరక్క కింది గీత వరకు మందు తీసి, పైకెత్తి చూసి, నాతో మళ్ళీ ఒకసారి చెప్పించుకుని వేసింది. మింగలేక పాప గుక్క పట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విని నేను బెంచీ మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఇంటికెళ్ళిపోదామని లేచాను. "నువ్వు పరిగెత్తుకొచ్చి చేసేదేం లేదు, నేనిక్కడే కూర్చుంటా. మిషను ఎక్కడికీ పోదు" అంది అక్క. వేడి దిగుతోందని ఆవిడ చెప్పేదాకా ఫోను పెట్టలేదు. అప్పటికి బెంచీలు ఖాళీ అయిపోయాయి.

ట్యూటరమ్మ బయటికొచ్చి నన్ను చూసి ఆగింది. "పాపకెలా ఉంది?"

చెప్పాను. డ్రాపరు, గీత, అత్తయ్య కళ్ళు, అన్నీ కలగాపులగంగా చెప్పాను. ఆవిడ మధ్యలో ఆపి, లోపలికి తీసుకెళ్ళి మేడమ్ ముందు మళ్ళీ చెప్పమంది.

ప్రిన్సిపాల్ అంతా విని, "మరి పొద్దున ఏం చేసి ఉండాల్సింది?" అని అడిగారు.

కాన్పు వార్డులో లావుపాటి నర్సమ్మ గుర్తొచ్చింది. "అర్థమైందా అని అడగకూడదు మేడమ్. గిన్నెలో నీళ్ళు పోసి, డ్రాపర్ చేతికిచ్చి, ఏదీ, గీత దాకా తీసి చూపించండి అనాలి."

"వెళ్ళు. కబురు చేస్తాం" అన్నారు. అంతే. మెచ్చుకోలేదు, తిట్టలేదు.

మొదటి జాబితాలో నేను లేను. వెయిటింగులో ఉన్నాను. ఆ రోజుల్లో అత్తయ్య నా వంక చూసేది కాదు. "నా వల్లే పోయింది" అని మా ఆయనతో అనడం ఒకసారి విన్నాను. తర్వాత ఎవరో వేరే చోట చేరారట, ఆ సీటు నాకిస్తామని కబురొచ్చింది. అత్తయ్య ఆ రోజు టైలరక్క దగ్గరికెళ్ళి గోళ్ళ రంగు అడిగి తెచ్చి, డ్రాపర్ మీద కింది గీత చుట్టూ నాచేత ఎర్రగా రాయించింది. ఎదురుసందు నుంచి కూడా కనిపిస్తుంది అది. కళ్ళజోడు కూడా వచ్చింది గానీ, అది పెట్టుకుంటే బస్సు నంబరు కనిపించడం లేదని రోజూ సణుగుడే.

ఇప్పుడు నేను ఏం చెప్పినా ఆవిడ తిరిగి అప్పజెబుతుంది. "పాలు పట్టాలి. పట్టాక భుజాన వేసుకోవాలి. నీ మొగుడికి అన్నం పెట్టాలి, అది నువ్వు చెప్పలేదు, అయినా పెడతా. చాలా, ఇంకా ఏమన్నా ఉందా పంతులమ్మా?"

భయం తగ్గిందని మీరనుకుంటారేమో. లేదు. రేపు మమ్మల్ని మొదటిసారి వార్డులోకి పంపుతున్నారు. ఇప్పటిదాకా ఒక్క పాప కోసం భయపడ్డాను. రేపట్నుంచి మంచం మంచానికీ ఒక మనిషి, అందరూ నా మొహంలోకి చూసి తల ఊపేవాళ్ళే. వాళ్ళలో ఎవరు నిజంగా ఊపారో నాకెలా తెలుస్తుంది? నేను చేసి చూపించమని అడగడం మర్చిపోయిన ఒక్కరే, అర్థం కాకుండా ఊపిన ఆ ఒక్కరయితే?

ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీరు కూడా ఎవరికో ఏదో అప్పజెప్పి వచ్చే ఉంటారు. చంటిపిల్లనో, మందు సీసానో, పొయ్యి మీద గిన్నెనో. అర్థమైందా అంటే వాళ్ళు తల ఊపే ఉంటారు. అప్పుడు వాళ్ళ కళ్ళు ఎటు చూస్తున్నాయో గుర్తు తెచ్చుకోండి. గుర్తు రాకపోతే ఇది ఇక్కడే పక్కన పెట్టేసి, ఒక్కసారి వెళ్ళి వాళ్ళని చూసి రండి.