పురుగు మేత మానిన రోజు

నేను ఒక పెప్టైడ్‌ని. పేరు చూసి పేజీ తిప్పేయకండి. నేనుండేది పట్టుపురుగు నెత్తుట్లో. ఇరవై మూడు అమైనో ఆమ్లాలు పూసల్లా వరసగా అతుక్కుంటే నేను. నా పని కబురు చెప్పడం, అంతే.

పుట్టినప్పుడే నా నోరు కట్టేసి ఉంటుంది. పొడుగాటి గొలుసు కొసన ఇరుక్కుని ఊరికే తిరుగుతుంటాను. ఒంట్లోకి సూక్ష్మజీవి చొరబడితే ఎంజైములు లేచి ఆ గొలుసు తెంపుతాయి. అప్పుడు పరిగెత్తుతాను. రక్తకణాల్ని లేపుతాను, కొవ్వు కణాలతో సూక్ష్మజీవుల్ని చంపే మందు తయారు చేయిస్తాను, మేత మాన్పిస్తాను. ఉన్న బలమంతా పోరాటానికే కావాలి మరి. పురుగుకి టీకాలు లేవు, ఆస్పత్రి లేదు. ఉన్నదల్లా నాలాంటి కబుర్లే.

మడకశిర పక్కన ఒక రేకుల షెడ్డులో మమ్మల్ని మేపింది మారక్క. మొగుడు బెంగళూరులో కాంక్రీటు పనికి పోయాడు. మామ నింగప్ప ముందే తేల్చేశాడు: "రెండు గూళ్ల పంటలు పాయె. ఇదీ పోతే మల్బరీ పీకేస్తా. నువ్వూ పోయి వానితో సిమెంటు మొయ్." ఆ తోటలో ప్రతి మల్బరీ కట్టె మారక్క వంగి నాటింది. అది వదిలి పోనని మొండికేసింది.

మూడు రోజులు ముసురు. ఆరబెట్టినా తడి పోని ఆకే వేశారు. ఆకుతోపాటు సూక్ష్మజీవి కడుపులోకి పోయింది. నా గొలుసు తెగింది. నా పని నేను చేశాను. రోగం పట్టిన పురుగు పట్టినట్టే మేత మానేసి బిగుసుకుంది.

గూడు కట్టేలోగా పురుగు నాలుగుసార్లు తోలు మారుస్తుంది, అప్పుడు కూడా ఒక రోజు తినదు, కదలదు. ఇక్కడోళ్లు దాన్ని జ్వరం అంటారు. జ్వరంలో ఉన్న పురుగు మీద చెయ్యి పెట్టకూడదు. సున్నం చల్లి, ఆకు ఆపి, వదిలేయాలి. షెడ్డులో దీన్ని మించిన శాసనం లేదు.

నింగప్ప పురుగుల తట్టల మీదికి వంగి చూశాడు. "నాలుగో జ్వరానికి పోయినాయి. సున్నం చల్లు."

"రేపు గదా రావల్ల, ఒక దినం ముందేనా మామా? జ్వరమైతే తలకాయలు పైకెత్తల్ల గదా. వీటిల్లో శానా వాల్చేసినాయి. వాల్చినవి ఏరేద్దాం."

"యేమ్మే, నిన్న మొన్న ఆకు కోయను నేర్చినదానివి, నలభై ఏండ్లు మేపినోనికి చెప్తావా? జ్వరంలో చెయ్యి పెట్టి ఉండేవి గూడా చంపుతావా?"

ఆమె చెయ్యి తట్ట దాకా పోయింది. వెనక్కి తీసుకుంది. సున్నం చల్లింది.

నేను అరుస్తూనే ఉన్నా. నా కబురు రక్తకణానికి అర్థమైంది, కొవ్వు కణానికి అర్థమైంది. బయట మారక్కకీ అర్థమైంది. కానీ ఆ ఇంట్లో కోడలి మాట ఎవడు లెక్కజేస్తాడు? మెదడు కొండంత పెట్టుకుని మనుషులు చేసేది ఇది.

రోగమొచ్చినవి మంచివాటి మీద కక్కాయి, వాటి కిందే కుళ్లాయి. మర్నాడు ఆకు వేస్తే ఒక్క పురుగూ తల తిప్పలేదు. నల్లబడి, ముట్టుకుంటే చితికిపోతున్నాయి. షెడ్డంతా కంపు.

"నీ చెయ్యే మంచిది కాదు," అన్నాడు నింగప్ప.

"నిన్ననే చెప్తి గదా మామా."

అతను గడ్డపార తీసుకుని తోటలోకి పోయాడు.

మారక్క ఒక్కతే తట్టలు మోసుకొచ్చి మమ్మల్ని గుంతలో పోసింది. మీద సున్నం, దాని మీద మట్టి. మట్టి తోస్తూ, "చూసి గూడా ఊరకుంటినే," అని తనలో తనే అనుకుంది. ఇప్పుడు పైన మల్బరీ మొదళ్లు ఒక్కొక్కటే పెకలుతున్న చప్పుడు వినబడుతోంది. గుంతలో కొన్ని పురుగులకి ఇంకా కొన ఊపిరి ఉంది. వాటి నెత్తుట్లో నేనింకా పరిగెత్తుతున్నాను. రక్తకణాల్ని లేపుతున్నాను. లేచినవి లేస్తున్నాయి, పాపం.