నాలుగో పాయ

మెట్ల మీద ఏం చూశారో చెప్పండి. దాటవేయొద్దు. రోజూ సాయంత్రం ఆ మూడంతస్తుల ఇంటి ముందు నుంచే కదా మీరు వెళ్లేది. ఒకే మొహం, ఒకే ఎత్తు ఉన్న ఆడపిల్లలు ఒకరి వెనక ఒకరు మెట్లెక్కుతుంటే చూశారు. ఒకతె భుజాన బడి సంచి, ఒకతె చేతిలో వయొలిన్ పెట్టె, ఇంకొకతెవి ఉత్త చేతులు. ముచ్చటగా ఉన్నారనుకుని పోయారు.

కవలలు కారు. ఆ ఇంట్లో ఉన్నది ఒక్కతే పాప. పొద్దున జడ విప్పగానే ముగ్గురయ్యేది. ఒకతె బడికి, ఒకతె సంగీతానికి. మూడోది ఊరికే ఉండేది. కింద ఇస్త్రీ దుకాణం ఆవిడ కూతురు బుడంకాయతో గులకరాళ్లు ఆడుకునేది, నిద్రొస్తే బట్టల మూటల మీదే పడుకునేది. సాయంత్రం నాయనమ్మ ముగ్గుర్నీ చాప మీద దగ్గరగా కూర్చోబెట్టి, మూడు తలల జుట్టునీ మూడు పాయలు చేసి అల్లేది. రిబ్బను ముడి పడేసరికి ఒక్క పాప మిగిలేది. దానికి లెక్కలూ వచ్చేవి, వయొలిన్ పాఠమూ వచ్చేది, ఒంట్లో మధ్యాహ్నపు నిద్రా ఉండేది.

తల్లి పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షనిస్టు. ఇద్దరు రోగుల మధ్య కాస్త ఖాళీ కనబడితే అక్కడ మూడో మనిషిని ఇరికించడం ఆవిడ పని. బయట పట్టిన గుణం ఇంట్లో ఊరుకుంటుందా? పాపకి ఈత కూడా నేర్పించాలనుకుంది. మర్నాడు జడ విప్పితే నలుగురు లేచి నిలబడ్డారు. ఈత మాస్టారు కొత్త పాపకి టోపీ కొనమన్నాడు.

సాయంత్రం నాయనమ్మ దువ్వెన పట్టుకుని ఆగిపోయింది.

"అమ్మాయ్, నా చేతికి మూడు పాయల జడే వచ్చు. నాలుగోదాన్ని ఎక్కడ పెట్టను?"

"ఊరికే ఉండేదాన్ని వదిలేయండి అత్తయ్యా. పని నేర్చుకున్న ముగ్గుర్నీ అల్లేయండి."

"నిద్రపోయి వచ్చింది అదొక్కతే. అది లేకపోతే దీనికి నిద్ర ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"సెలవుల్లో పడుకుంటుందిలెండి. మీ అబ్బాయిలా బస్సు స్టీరింగు ముందు కూర్చుని ఆవులించే బతుకు నా కూతురికొద్దు."

కొడుకు మాట ఎత్తేసరికి ముసలామె మళ్లీ దువ్వెన కదిపింది. ముగ్గురే ముడిలో కలిశారు. నాలుగోది గోడకి ఆనుకుని చూసింది. ఏడవలేదు. తలుపు తీసుకుని కిందికి వెళ్లింది. ఆ తలుపు చప్పుడు తల్లికి వినబడింది. వినబడలేదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఎక్కడికి పోతుందిలే అనుకుంది, అంతే.

ఇస్త్రీ ఆవిడ పెట్టె పక్కన పెట్టి అడిగింది. "ఏమే, మీవాళ్లు నిన్ను మర్చిపోయారా?"

"నన్ను అల్లలేదత్తా."

"సరే, ఇలా వచ్చి ఈ దుప్పటి కొస పట్టుకో. నిలబడి చూస్తే మడత పడుతుందా?"

పై ఇంట్లో పాపకి మార్కులు పెరిగాయి. ఈతలో పతకం వచ్చింది. పడుకోమంటే పడుకునేది, కళ్లు మూసుకునేది. రెప్పల కింద గుడ్లు మాత్రం కదులుతూనే ఉండేవి. బుడంకాయ ఆడుకుందాం రమ్మని పైకి వస్తే, "మీరెవరండీ?" అంది. నవ్వమంటే నవ్వేది. ఆపమనేదాకా నవ్వేది. మెచ్చుకోవడానికి వచ్చిన చుట్టాలు తొందరగా వెళ్లిపోయేవాళ్లు.

ఒక ఆదివారం బడీ సంగీతమూ లేవని జడ విప్పకుండానే పాపని ఈతకి పంపారు. ఈత మాస్టారు తడిబట్టలతోనే ఇంటికి తీసుకొచ్చాడు.

"నీళ్లలో వెల్లకిలా ఉండిపోయిందండీ. కళ్లు తెరిచే ఉన్నాయి. పిలిస్తే పలకలేదు. పక్క పిల్ల చెయ్యి తగలబట్టి సరిపోయింది, లేకపోతే మునిగిపోయేది. ఇంట్లో అసలు నిద్రపోతోందా?"

నాయనమ్మ దువ్వెన తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. తల్లి పాప జడ విప్పలేదు. విప్పితే మళ్లీ ముగ్గురవుతారు, ముగ్గురికీ నిద్ర లేదు. దువ్వెన పట్టుకుని కిందికి పరుగెత్తింది.

ఊరికే ఉండే పాప మూటల మీద నుంచి అప్పుడే లేచింది. బుగ్గ మీద బట్ట మడత అచ్చు పడింది. ఒళ్లు విరుచుకుంది. వీపున నున్నగా అల్లిన జడ ఉంది.

"ఎవరు వేశారు ఈ జడ?"

"నేనే వేశానమ్మా," అంది ఇస్త్రీ ఆవిడ. "రోజూ మెట్ల మీద కూర్చుని మీ గుమ్మం వైపే చూసేది. ఆడపిల్ల జుట్టు విరబోసుకుని తిరుగుతుంటే ఎన్నాళ్లని చూడను? దాని జుట్టునే మూడు పాయలు చేసి అల్లాను. ఆ పూట నుంచి పైకి చూడ్డం మానేసింది."

తల్లి మోకాళ్ల మీద కూర్చుంది. "పద తల్లీ, ఇంటికెళదాం."

పాప ఆమెని తేరిపార చూసింది. కొట్టుకి వచ్చినవాళ్లని చూసినట్టు, మర్యాదగానే.

"ఎవరు కావాలండీ?"

తల్లి రిబ్బను వైపు చెయ్యి చాచింది. పాప జడని రెండు చేతులతో పట్టుకుని వెనక్కి జరిగింది. బుడంకాయ వచ్చి అడ్డంగా నిలబడింది.

తల్లి కూతుర్ని పేరు పెట్టి పిలిచింది.

కింద పిల్ల పలకలేదు. పై కిటికీలోంచి, తడి జుట్టుతో, రెప్ప వేయకుండా చూస్తున్న పిల్ల "వస్తున్నానమ్మా" అంది.

ఆ పిల్లకి పెట్టింది ఒక్కటే పేరు. అది పైనున్నదానికే చెందింది. ఇప్పుడు మీరు చెప్పండి, నిద్రపోగలిగే తన బిడ్డని ఆ తల్లి ఏమని పిలవాలి?