రంగు కింద ఇనుము

"అక్సా, రా! తొయ్యాలె."

దుమ్ముగూడెం పక్కన ఆ మామిడి తోటలో ఎనిమిది నెలలుగా తెల్లారేది ఈ కేకతోనే. కేక బెంజమిన్‌ది. తోసేది పెళ్ళాం అక్సా, తల్లి విశ్రాంతమ్మ. అతను మాత్రం ఆ పాత చిన్న ట్రాక్టరు సీటు మీద దొరలా కూర్చుని, "ఇంకా గట్టిగ!" అంటాడు. తాళం తిప్పితే టక్కుమనడమే తప్ప ఇంజను తిరగదు. రెండు బ్యాటరీలు మార్చాడు. మెకానిక్‌ను పిలవమంటే, "ఇంట్ల ఇద్దరు మనుషులుండంగ మెకానిక్ ఎందుకు?" అన్నాడు మహానుభావుడు!

అక్సాకు గర్భసంచి తీసేసి మూడు నెలలు కాలేదు. భద్రాచలం దవాఖానాలో డాక్టరమ్మ ఆర్నెల్లు బరువులు ఎత్తొద్దంది. "తోసుడు బరువెత్తుడు కాదుగా," అన్నాడు బెంజమిన్. అత్త తలూపింది. అక్సా కొంగు దోపుకుని బండి వెనక్కి నడిచింది.

ఈ పొద్దున సగం తోశాక పొత్తికడుపులో ఏదో పట్టి లాగినట్టయి ఆమె బురదలో కూలబడింది. "ఏందే, ఆపినవ్?" అన్నాడతను, వెనక్కి తిరక్కుండానే. తర్వాత దిగి, బ్యాటరీని తడిమి చూసి, "ఇది గూడ పోయింది," అని మూడోది తేవడానికి బైకెక్కి పోయాడు.

అక్సా బురదలోనే కూర్చుని ఆలోచించింది. పుట్టినూరు ఖానాపురం హవేలిలో తండ్రి సవరయ్యది ఆటోలు బాగుచేసే షెడ్డు. బడి నుంచి వచ్చి, బల్బుకు రెండు వైర్లు కట్టి, కరెంటు ఎక్కడ ఆగిందో వెతికిన పిల్ల తను. ఆటోలు తోలిన పిల్ల. పెళ్ళయిన కొత్తలో స్పానరు పట్టుకుంటే, "ముట్టకు, షాక్ కొడ్తది," అన్నాడు బెంజమిన్. పన్నెండు ఓల్టుల బ్యాటరీ షాక్ కొట్టదని ఆమెకు తెలుసు. తెలిసీ చెయ్యి వెనక్కి తీసుకుంది. అన్నీ తెలిసి ఏమీ తెలియనిదానిలా ఉండటం ఇన్నేళ్ళలో ఎంత బాగా అలవాటైపోయింది! ముందు సిగ్గేసింది, ఆ వెంటే ఒళ్ళు మండింది. బ్యాటరీ పోతే ఇంకోటి వస్తుంది, నా ఒళ్ళు పోతే ఎవడు తెస్తాడు అనుకుంటూ లేచింది.

పాత హెడ్‌లైటు బల్బుకు రెండు వైర్లు చుట్టి బ్యాటరీ రెండు కొనలకూ ఆనించింది. బల్బు భగ్గున వెలిగింది. బ్యాటరీకేం రోగం లేదు! ఒక వైరు ప్లస్ మీదే ఉంచి, రెండోది ఇంజను ఇనుముకు ఆనిస్తే బల్బు ఎర్రగా మిణుకుమంది. కరెంటు తిరిగి వచ్చే దారిలోనే ఏదో అడ్డం. మైనస్ నుంచి బండి ఇనుముకు బిగించిన ఎర్త్ వైరు వెంట వేలు పోనిచ్చింది. బోల్టు కింద నున్నగా, నీలంగా రంగు! క్రిస్మస్‌కు బండికి సింగారం చేస్తానని బెంజమిన్ వైరు విప్పి, అంతా రంగు పూసి, ఆ రంగు మీదే మళ్ళీ బిగించాడు. రంగు అడ్డముంటే ఇనుములోకి కరెంటు సరిగా పోదు.

"అత్తమ్మా! ఎనిమిది నెలలు మనం తోసింది ఈ రంగు కోసమే!"

విశ్రాంతమ్మ ముక్కున వేలేసుకుంది. "వాడొచ్చేదాక ఆగరాదే?"

"ఆగ."

వైరు విప్పింది. ఇనుము తెల్లగా మెరిసేదాకా పాత కత్తితో గీకింది. మళ్ళీ గట్టిగా బిగించి, సీటెక్కి తాళం తిప్పింది. ఇంజను ఒక్క పెట్టున అందుకుంది. అక్సా ఏడ్చింది, నవ్వింది, ఏది ముందో ఆమెకే తెలియలేదు.

"ఆపి మళ్ళొకసారి తిప్పవే," అంది అత్త చిన్నపిల్లలా. మూడుసార్లు ఆపించింది, మూడుసార్లు తిప్పించింది.

బెంజమిన్ బైకు దిగి, కొత్త బ్యాటరీ భుజాన మోసుకొచ్చేసరికి అక్సా మామిడి వరసల మధ్య నుంచి ట్రాక్టరు తోలుకొస్తోంది. అతను నోరెళ్ళబెట్టాడు.

"ఏ మెకానిక్ వచ్చిండు?"

"నీ పెండ్లాం," అంది విశ్రాంతమ్మ. "రంగేసింది నువ్వు, గీకింది అది."

"సరె సరె," అని నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "దిగు. తాళం ఇటియ్యి."

అక్సా ఇంజను ఆపింది. తాళం తీసి బొడ్లో దోపుకుంది.

"ఇయ్య. పనుంటే చెప్పు, నేనొచ్చి తోల్త."