చప్పుడు లేని పెట్టె

మా ఇంట్లో చప్పుళ్ళ విషయంలో తీర్పు మా బావగారిదే. బావగారంటే మా అక్క భర్త. రేడియోలో రికార్డింగ్ ఇంజనీరుగా తల నెరిసేదాకా పనిచేసి రిటైరయ్యారు. ఆయనవి పాము చెవులని ఆ ఆఫీసులో వాచ్‌మన్ దగ్గర్నుంచి పాటగాళ్ళ దాకా అందరూ అనుకునేవారట. ఒకసారి పాడే ఆవిడ చేతిగడియారం టిక్కుటిక్కుమంటోందని రికార్డింగు ఆపించి, గడియారాన్ని పక్కగదిలో పెట్టించారని అక్క ఇప్పటికీ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంది. వాళ్ళు కింద వాటాలో, మేము పై వాటాలో ఉంటాం. కొళాయి కారుతోందా, పాలు పొంగుతున్నాయా, పక్కింటివాళ్ళు పోట్లాడుకుంటున్నారా లేక టీవీ చూస్తున్నారా, ఏదైనా సరే, బావగారు ‘ఏం లేదు’ అంటే లేనట్టే. ఒకవేళ మా చెవికి ఏదైనా సోకినా మా భ్రమేనని సర్దుకుంటాం. అలా సర్దుకోవడం మర్యాద అనుకున్నాం ఇన్నాళ్ళూ.

ఇక నా సంగతి. బావగారు నన్ను వసపిట్ట అంటారు. మాట్లాడటం మొదలుపెడితే ఆపనని ఆ పేరు. కోపమంటారా, అది నా ముక్కు మీదే కాపురముంటుంది. చేసే కాల్‌సెంటర్ ఉద్యోగం ఊడిపోయి ఇంట్లో కూర్చున్నప్పుడు, పుస్తకాలు చదివించి రికార్డు చేసి అమ్మే కంపెనీ ఒకటి గొంతుల కోసం వెతుకుతోందని తెలిసింది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ గొంతు దించాలో పక్కన కూర్చుని బావగారే నేర్పించారు. నమూనా పంపాను. గొంతు చాలా నచ్చింది, ఒక పెద్ద నవల మీకే ఇద్దామనుకుంటున్నాం, కానీ వెనకాల ఆ పిండిమర చప్పుడేమిటని అడిగారు వాళ్ళు.

పిండిమర అంటే మా పాత కంప్యూటరు. మా ఆయన దాని మీదే ఇళ్ళ లోపలి అలంకరణకి బొమ్మలు గీస్తారు. సోఫా ఎక్కడుండాలో, గోడకి ఏ రంగు బాగుంటుందో నిజమైన ఫొటోలా తయారుచేసి చూపించాలి కదా, అందుకని బలమైన కంప్యూటరే కావాలి. ఉన్నది ఒక్క గది, ఒక్క కంప్యూటరు. పొద్దున ఆయన పని, మధ్యాహ్నం నా చదువు. బలమూ ఉండాలి, నోరూ మూసుకుని ఉండాలి. అలాంటిది తన పెళ్ళిచూపుల్లో కూడా దొరకలేదని అక్క నవ్వింది.

కొత్తది కట్టించే పెత్తనం బావగారిదే అయింది. వేరేవాళ్ళది ఎలా అవుతుంది? రెండు వారాలు ఆయన మొహం వెలిగిపోయింది. రిటైరయ్యాక అంత హుషారుగా చూడలేదు ఆయన్ని. మా ఆయనేమో పక్కన అద్దం, లోపల రంగురంగుల దీపాలు ఉన్న క్యాబినెట్ చూపించి మురిసిపోయారు. ఇది కంప్యూటరా, బట్టల కొట్టా అని బావగారు కొట్టిపారేశారు. లోపలంతా మందపాటి గుడ్డ అతికించిన బరువైన నల్ల క్యాబినెట్ తీసుకున్నారు. చిన్న ఫ్యాన్లు గిర్రున తిరిగి గోల చేస్తాయి, పెద్దవి నింపాదిగా తిరుగుతాయని పెద్దవి ఏరారు. ప్రాసెసరు వేడి లాగడానికి ఇటుకరాయంత లోహపు దిమ్మ. పని లేనప్పుడు తన ఫ్యాన్లు తనే ఆపేసుకునే గ్రాఫిక్స్ కార్డు. స్క్రూలకీ రేకుకీ మధ్య రబ్బరు బిళ్ళలు. ఒక్కో భాగం గురించి సంబంధాలు వాకబు చేసినట్టు వాకబు చేశారు.

చివరికి మిగిలింది పవర్ సప్లై. గోడలోంచి వచ్చే కరెంటుని లోపలి భాగాలన్నిటికీ పంచే డబ్బా అది. అసలు ఫ్యానే లేని రకం ఒకటుందని, దాన్ని స్వయంగా విని కొనాలని బావగారు షాపుకి బయల్దేరారు. నన్నూ రమ్మన్నారు. నాకేం తెలుస్తుంది, మీరు చూస్తే చాలదా అన్నాను. నువ్వు రావాల్సిందే అని పట్టుబట్టారు. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి, కాదంటే ఊరుకుంటారా? వెళ్ళాను.

షాపాయన మమ్మల్ని వెనక గోడౌన్‌లోకి తీసుకెళ్ళి, అట్టపెట్టెల మధ్య బల్ల మీద రెండు డబ్బాలు పెట్టి కరెంటిచ్చాడు. ఒకటి నెమ్మదిగా తిరిగే ఫ్యానున్నది. రెండోది ఫ్యాను లేనిది. ఫ్యాను లేనిదాని దగ్గర బావగారు కళ్ళు మూసుకుని, తల పక్కకి వంచి చాలాసేపు విన్నారు. తర్వాత కళ్ళు తెరిచి నా వైపు చూశారు.

“ఏమంటావు?”

నాకు సన్నగా ఏదో వినపడుతోంది. దోమ చెవి దగ్గర తిరిగినట్టు, అంతకంటే సన్నగా. పైన ట్యూబులైటు ఉంది, అదేమో అనుకున్నాను. అంత పెద్ద చెవులు అక్కడుండగా నా చెవులెంత! ఏదైనా ఉంటే ఆయన వదులుతారా?

“బాగుంది బావగారూ,” అన్నాను.

ఆయన తలూపి అదే ప్యాక్ చేయమన్నారు.

కంప్యూటరు బిగించిన రోజు ఇల్లంతా చుట్టూ మూగాం. బటన్ నొక్కితే దీపం వెలిగింది, అంతే. ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో చెయ్యి పెట్టి చూడాల్సి వచ్చింది. అక్క దిష్టి తగులుతుందంది. బావగారి మీసం చాటున నవ్వు కనపడింది. ఆ మర్నాడు నేను చదివి పంపాను. మూడో రోజు జవాబొచ్చింది. పిండిమర పోయింది, సంతోషం, కానీ ఇప్పుడు ఈల వినపడుతోంది, వచ్చే శుక్రవారానికి శుభ్రమైన రికార్డింగు రాకపోతే ఆ నవల వేరేవాళ్ళకి ఇవ్వక తప్పదన్నారు.

నా ఒళ్ళు మండిపోయింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటే నిజమే, ఈల. తీసేసి వింటే గదిలోనూ ఉంది. అదే దోమ. నేరుగా కిందికెళ్ళి చెప్పాను. బావగారు పైకొచ్చి విని, ఏం లేదన్నారు. మైకు వైరు మార్చారు. మైకుని ఇంకో మూలకి జరిపారు. గోడకి దిండ్లు ఆనించారు. ప్రతిసారీ ఇప్పుడు లేదు కదా అంటారు, ప్రతిసారీ ఉంది. నేను ఉందంటే, షాపులో లేనిది ఇంటికొచ్చాక ఎక్కణ్ణుంచి వస్తుందంటారు. శుక్రవారం దగ్గర పడుతోంది. ఈ పని చేజారితే మళ్ళీ ఎవరి ఆఫీసులోనో కూర్చుని తెలియనివాళ్ళ తిట్లు ఫోన్లో వినే బతుకే. అది తలుచుకుంటే నాకు నిద్ర లేదు, ఆయనకేమో చీమ కుట్టినట్టయినా లేదు. నేను గోడతో మాట్లాడుతున్నానా అనిపించింది.

ఆదివారం మధ్యాహ్నం తేల్చేద్దామనుకున్నాను. అందరినీ పై గదిలోకి పిలిచాను. మా ఆయన, మా అమ్మాయి, అక్క, బావగారు. కిటికీలు మూశాను, సీలింగ్ ఫ్యాను ఆపాను, ఫ్రిజ్ ప్లగ్గు కూడా పీకాను. ఈ ఈల కంప్యూటరు లేవకముందే, వట్టి కరెంటు ఇవ్వగానే మొదలవుతుందని అప్పటికే కనిపెట్టాను. గోడ స్విచ్ వేసి, వినపడుతోందా లేదా అని ఒక్కొక్కరినీ అడిగాను. మా అమ్మాయి రెండు చెవులూ మూసుకుని, ఛీ, పళ్ళు జివ్వుమంటున్నాయంది. మా ఆయన నసిగి నసిగి, ఏదో ఉన్నట్టే ఉంది అన్నయ్యా అన్నారు. అక్క నేల చూస్తూ, నాకేం వినపడటం లేదంది.

అక్కడైనా ఆగాల్సింది. ఆగితే నేనెందుకవుతాను?

“అదేంటే, నిన్న బట్టలు తీయడానికొచ్చి, ఏంటే ఈ సన్నటి కూత అని నువ్వే కదా అడిగావు?”

అక్క తలెత్తింది. నా వైపు చూసిన చూపు మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటోంది. బావగారు అందరివైపూ చూసి, ఎందుకు గొడవ, కావాలంటే పరీక్ష పెట్టుకోమన్నారు. నాకు కావలసిందీ అదే. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమన్నాను. నేను స్విచ్ వేస్తూ తీస్తూ ఉంటాను, ఎప్పుడు ఉందో ఎప్పుడు లేదో ఆయన చెప్పాలి. స్విచ్ టిక్కుమనే చప్పుడు పట్టి చెప్పేస్తారేమోనని నేను వేసి, తీసి, మళ్ళీ వేసి తికమక పెట్టాను. అంత తెలివి ఉపయోగించాను ఆ పెద్దాయన మీద.

“ఉంది,” అన్నారు. లేదు.

“లేదు,” అన్నారు. ఉంది. మా అమ్మాయి మళ్ళీ చెవులు మూసుకుంది.

“ఇప్పుడు ఉంది,” అన్నారు. నేను ప్లగ్గు తీసి చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాను.

ఎవరూ ఏమీ అనలేదు. ఆ నిశ్శబ్దం మాత్రం ఆయనకి వినపడింది. కళ్ళు తెరిచి, నా చేతిలో ఉన్న ప్లగ్గు చూశారు. కుర్చీ చేతులు పట్టుకుని నెమ్మదిగా లేచి, సరే, రేపు తీసుకెళ్ళి మార్చేద్దాం అని మెట్లు దిగిపోయారు. వెనకే అక్క. నేను గెలిచాను. ఆ గెలుపుతో ఏం చేసుకోవాలో తెలియక ప్లగ్గు పట్టుకుని అలాగే నిలబడ్డాను. భూమి చీలి లోపలికి లాక్కుంటే బాగుండుననిపించింది. మా ఆయన ఫ్రిజ్ ప్లగ్గు పెట్టడానికి వెళుతూ, నెగ్గావు కదా, ఇక తృప్తేనా అన్నారు. ఆయన మామూలుగా నన్నొక మాట అనరు.

మర్నాడు డబ్బా విప్పడానికి బావగారు స్క్రూడ్రైవర్ల పెట్టెతో పైకొచ్చారు. నాకు ఆయన మొహం చూడటానికి మొహం చెల్లలేదు. ఆయన పక్కన కూలబడి, తప్పయిపోయింది బావగారూ, నా నోరు పడిపోను అన్నాను. ఆయన స్క్రూ తిప్పుతూనే ఉన్నారు.

“పై స్థాయి సన్నటి కూతలు నాకు వినపడవని నాకు తెలుసే వసపిట్టా. రిటైరవక ముందు నుంచే తెలుసు. మీ అక్కకీ తెలుసు.”

“మరి షాపులో...”

“అందుకేగా నిన్ను తీసుకెళ్ళింది. నా చెవులతో కొనలేదు, నీ మొహం చూసి కొన్నాను. నువ్వు బాగుందన్నావు.”

నాకు తల కొట్టేసినట్టయింది. ట్యూబులైటు అనుకున్నానని చెప్పాను. చెబుతుంటే నాకే అది అబద్ధంలా వినపడింది. ఆయన తల అడ్డంగా ఊపారు.

“నేను వినలేదు కాబట్టి లేదనుకున్నావు. ఇంట్లో అందరూ అంతేగా. నన్ను నమ్ముకుని మీరు, మిమ్మల్ని నమ్ముకుని నేను.” ఊడిన స్క్రూని పక్కన పెట్టి, “నువ్వు ఉందన్న రోజునే ఒప్పుకోవాల్సింది. అది మాత్రం నా పొగరు,” అన్నారు.

అంటే ఆ తప్పు కూడా కాస్త తన మీదే వేసుకున్నారు. తిట్టి ఉంటే హాయిగా ఉండేది. ఎదురు తిరిగి నాలుగు మాటలని, ఏడ్చి, తేలికపడేదాన్ని. నాకు ఆ దారి కూడా లేకుండా పోయింది.

షాపుకి వెళ్ళాం. ఈసారి ఆయన గోడౌన్ గుమ్మం దగ్గరే ఆగి, నువ్వు విని రా అన్నారు. ట్యూబులైటు ఆర్పించి, సెల్‌ఫోను దీపంలో ఒక్కొక్క డబ్బానీ విన్నాను. చివరికి, ఆ రోజు వద్దనుకున్న ఫ్యానున్న డబ్బానే తెచ్చుకున్నాం. బిగించాక ఆయన పెట్టె పక్కనే నేల మీద కూర్చుని నా వైపు చూశారు.

“ఇప్పుడు?”

ఈల లేదు. ఏం లేదు బావగారూ అన్నాను, తొందరగా, ఆయన సంతోషపడాలని.

“నిజమేనా?” అన్నారు. నిష్ఠూరంగా కాదు, మామూలుగా అడిగారు. తనకి తెలుసుకునే దారి లేదు కాబట్టి అడిగారు.

మళ్ళీ అదే పని చేస్తున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. కళ్ళు మూసుకుని, ఆయన నేర్పినట్టు ఊపిరి బిగబట్టి విన్నాను. కింద, కుడివైపు, చాలా సన్నగా కీచుమంటోంది. చెప్పాను. ఏ ఫ్యానో వేలు పెట్టి చూపించమన్నారు. చూపించాను. దానికి రబ్బరు బిళ్ళ జారిపోయి ఉంది. సరిచేశారు, మళ్ళీ అడిగారు, మళ్ళీ విన్నాను. ఈసారి నిజంగా ఏమీ లేదు.

శుక్రవారానికి రికార్డింగు పంపాను. నవల నాకే ఇచ్చారు. మీ గది ఎంత నిశ్శబ్దంగా ఉందో అని ప్రత్యేకంగా రాశారు కూడా. అది చదివి వినిపిస్తే అక్క చాలా రోజుల తర్వాత నాతో మామూలుగా మాట్లాడింది. బావగారు మాత్రం ఊరుకోలేదు. ఆ ఆదివారం పై గదిలో ఉన్న అందరి ముందూ, ఇక మీదట పాము చెవులు నావి కావు, మా మరదలివి, ఏ చప్పుడైనా దాన్నే అడగండి అని నవ్వుతూ ప్రకటించారు. అందరూ నవ్వారు.

ఇప్పుడు పాలు పొంగుతున్నాయా, కొళాయి కారుతోందా అంటే ఇంట్లో అందరూ నా వైపే చూస్తున్నారు. బావగారు కూడా చూస్తారు. నేను చెబుతాను, ఆయన తలూపుతారు. ఆయన కళ్ళలోకి చూసి మాత్రం ఇంతవరకూ చెప్పలేకపోయాను.